గుండెల్లో దడగా ఉన్నప్పుడు ప్రార్థన ఎలా చేసుకోవాలి

ముందు ఒక విషయం తేల్చేసుకుందాం. మీకు ఆందోళన ఉందంటే మీకు విశ్వాసం లేదని కాదు. మన క్రైస్తవ సంఘాల్లో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్లందరూ జబ్బు తగ్గినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, సంబంధం కుదిరినవాళ్లే, ఇంకా ఏమీ తేలకుండా మధ్యలో వేలాడుతున్నవాళ్లు మైక్ దగ్గరికి రారు, దాంతో కింద కూర్చున్న మనకి మన భయమే పెద్ద పాపంలా కనిపిస్తుంది. కానీ "దేనినిగూర్చియు చింతపడకుడి" అని ఫిలిప్పీయులకు రాసిన పౌలే, కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11:28లో సంఘాలన్నిటి గురించిన చింత రోజూ తనమీద ఉందని ఒప్పుకున్నాడు. యేసుప్రభువు గెత్సేమనేలో తన దుఃఖాన్ని శిష్యుల దగ్గర దాచలేదు, నాతోకూడ మెలకువగా ఉండండి అని అడిగాడు. ఆయనే తోడు అడిగాడంటే, మనం ఆదివారం నవ్వు మొహం పెట్టుకుని "బాగున్నాం బ్రదర్, ప్రైజ్ ద లార్డ్" అని వచ్చేయాల్సిన పనేముంది.

సరే, ఇక చేయాల్సిన పనుల్లోకి వద్దాం. నేను పాస్టర్ని కాదు, డాక్టర్నీ కాదు, వాక్యం చదివే మామూలు విశ్వాసిని, నాకు ఉపయోగపడినవీ మా సంఘంలో పెద్దవాళ్ల దగ్గర చూసినవీ చెప్తున్నా.

అన్నిటికంటే ముందు, భయానికి పేరు పెట్టండి. మనం "ప్రభువా నా చింతలన్నీ తీసివేయుము" అని ఒక్క మాటలో గంపగుత్తగా ప్రార్థన చేసి లేస్తాం, లేచిన ఐదు నిమిషాలకి మళ్లీ అదే దడ, ఎందుకంటే దేనికి భయపడుతున్నామో మనకే సరిగ్గా తెలీదు. ఒక కాగితం తీసుకుని రాయండి. "ఉద్యోగం గురించి టెన్షన్" అని కాదు, "ఈసారి లేఆఫ్ లిస్ట్‌లో నా పేరుంటే రెండు నెలల తర్వాత ఇంటి లోన్ ఈఎంఐ ఎలా కట్టాలి, నాన్న ముందు మొహం ఎలా చూపించాలి" అని రాయండి. రాసేటప్పుడే కొన్ని తేలిపోతాయి, అసలు భయం లోన్ గురించి కాదు, నాన్న గురించి అని తెలుస్తుంది ఒక్కోసారి. రాసినదాంట్లో ఈరోజు నా చేతిలో ఉన్నది ఏంటి, అస్సలు లేనిది ఏంటి అని విడగొట్టండి. చేతిలో ఉన్నది, అంటే రెజ్యూమే సరిచేయడమో బ్యాంకుకి వెళ్లి మేనేజర్‌తో మాట్లాడటమో, అది ప్రార్థన చేసి వదిలేసే విషయం కాదు, చేయాల్సిన పని. మిగతాది దేవుని దగ్గర పెట్టేది.

దేవుని దగ్గర పెట్టడం అంటే ఎలా? బైబిల్లో రెండో రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో యూదా రాజు హిజ్కియా ఏం చేశాడో చూడండి. అష్షూరు రాజు సన్హెరీబు దగ్గర్నుంచి బెదిరింపు ఉత్తరం వస్తే దాన్ని చదివి, మందిరంలోకి తీసుకెళ్లి యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. ఉత్తరాన్నే పెట్టేశాడు అక్కడ. ఇది మనం ఇంట్లో చేసుకోవచ్చు. స్కాన్ రిపోర్ట్ కావచ్చు, బ్యాంక్ నోటీస్ కావచ్చు, పిల్లల మార్కుల మెమో కావచ్చు, ఆ కాగితాన్నే మంచం మీద పరిచి, పక్కన మోకాళ్లేసి "ఇదిగో ప్రభువా, ఇందులో ఇలా రాశారు, నాకు భయంగా ఉంది, ఏం చేయాలో తెలీట్లేదు" అని చెప్పండి. బీరువాలో దాచిన కాగితం రాత్రంతా బుర్రలో తిరుగుతుంది, బయటికి తీసి పెట్టింది అంత తిరగదు, ఇది నేను గమనించినదే.

ఇంకోటి, ఇంటి భాషలో ప్రార్థించండి. మనకి నోరు తెరిస్తే "కృపగల తండ్రీ, ఇంతవరకు కాచి కాపాడిన దేవా, నీ నామమునకు స్తోత్రములు చెల్లించుచున్నాము" అని కూటంలో చేసే ప్రార్థనే వచ్చేస్తుంది. అది తప్పని కాదు, చిన్నప్పట్నుంచి విన్న మాటలు, అందులోనూ ఓదార్పు ఉంది. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడితే దాచుకున్నవి బయటికి వస్తాయి, తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, ఏడవాలంటే ఏడవండి. కీర్తనలు 42 చదవండి, "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని కీర్తన రాసినాయన తనని తానే అడుగుతున్నాడు, అదే ప్రశ్న ఆ కీర్తనలోనే మళ్లీ అడుగుతాడు, 43లో ఇంకోసారి అడుగుతాడు. అంటే ఒకసారి ప్రార్థిస్తే దిగులు పోలేదు ఆయనకి కూడా. 88వ కీర్తన అయితే చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో "అయినను స్తుతించెదను" లాంటి మాట కూడా ఉండదు. అలాంటిది కూడా బైబిల్లో ఉందంటే అలాంటి ప్రార్థన కూడా దేవుడు వింటాడనే కదా.

ఇప్పుడు పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, 4వ అధ్యాయం. అందరికీ నోటికొచ్చిన వచనాలే, కానీ మనం 6వ వచనం నుంచి మొదలుపెడతాం, దాని ముందు 5వ వచనం చివర్లో "ప్రభువు సమీపముగా ఉన్నాడు" అని ఉంది, అది వదిలేస్తాం. నాకైతే మొత్తం దాని మీదే నిలబడి ఉందనిపిస్తుంది. ఊరికే చింతపడొద్దు అంటే ఎవరికీ ఉపయోగం లేదు, ఆయన దగ్గర్లోనే ఉన్నాడు కాబట్టి చింతపడొద్దు అంటున్నాడు. పైగా ఇది రాసేటప్పుడు పౌలు బంధకాల్లో ఉన్నాడు, కేసు ఏమవుతుందో తెలీదు, బతుకుతాడో చస్తాడో కూడా తేలలేదు, మొదటి అధ్యాయంలోనే ఆ సంగతి రాశాడు. ఏసీ గదిలో కూర్చుని ఇచ్చిన సలహా కాదది.

6వ వచనంలో పద్ధతి ఉంది, విన్నపం చెప్పాలి, కృతజ్ఞతతో చెప్పాలి. కృతజ్ఞత అంటే వచ్చిన కష్టానికి థాంక్స్ చెప్పమని కాదు, చాలామంది దీన్ని అలా లాగుతారు, నాకు నచ్చదు. కష్టంలో ఉన్నా ఇంకా మిగిలినవి ఉంటాయి కదా, వాటికి. అవి కూడా పేరు పెట్టి చెప్పండి, "అన్నిటికీ వందనాలు" అంటే మళ్లీ గంపగుత్తే. ఈరోజు చెల్లి ఫోన్ చేసింది, మధ్యాహ్నం అన్నం సయించింది, పాప స్కూల్ నుంచి నవ్వుకుంటూ వచ్చింది, ఇలా. 7వ వచనంలో వాగ్దానం ఏంటో జాగ్రత్తగా చూడండి, అడిగింది ఇస్తానని అక్కడ లేదు, దేవుని సమాధానం, అంటే ఆయన ఇచ్చే మనశ్శాంతి, మీ హృదయాలకీ తలంపులకీ కావలి ఉంటుందని ఉంది. ఈ తేడా తెలియక చాలామంది నెల రోజులు ప్రార్థన చేసి ఉద్యోగం రాలేదని మొత్తానికే మానేస్తారు. ఉద్యోగం అడగొద్దని కాదు, అడగండి, రోజూ అడగండి. కానీ ఈ మనశ్శాంతి అనేది ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చేది కాదు, ముందే రావచ్చు, అది వేరే వరం.

ఇక వాగ్దానం కార్డుల సంగతి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసుకునే కార్డు మీద యిర్మీయా 29:11 చాలామందికి వచ్చే ఉంటుంది, దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని. చాలా మంచి వచనం. కానీ ఆ అధ్యాయం మొత్తం చదవండి ఒకసారి, అది బబులోనుకి చెరపట్టి తీసుకుపోయినవాళ్లకి యిర్మీయా పంపిన ఉత్తరం, పై వచనంలోనే డెబ్బై సంవత్సరాలు అని ఉంది. వచ్చే నెలలో అన్నీ సెట్ అయిపోతాయని కాదు. మరి ఆ డెబ్బై ఏళ్లూ ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్నాడు. సంతోషం గురించి నాకు బైబిల్లో బాగా పనికొచ్చిన మాట ఇదే. మనం సమస్య తీరాకే సంతోషంగా ఉండాలని బతుకుని వాయిదా వేసుకుంటాం, అబ్బాయికి సీటు వచ్చాక నవ్వుతాం, గ్రీన్ కార్డ్ వచ్చాక ఊరెళ్తాం అని. (అమెరికాలో మనవాళ్లకి ఆ క్యూ సంగతి నేను చెప్పక్కర్లేదు.) వద్దు, ఇప్పుడే ఏదో ఒకటి నాటండి. ఆదివారం ఒక కుటుంబాన్ని భోజనానికి పిలవండి, సండే స్కూల్లో పిల్లలకి కథ చెప్పండి, కుండీలో కొత్తిమీర వేసినా సరే. హబక్కూకు ప్రవక్త కూడా అంజూరపు చెట్టు పూయకపోయినా, దొడ్లో గొర్రెలు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తాను అన్నాడు, పంట పోయిన ఏడాది అంటే ఏంటో తెలిసిన ఊళ్లలో ఆ మాటలు చదువుతుంటే వేరుగా ఉంటుంది.

పాట పాడండి. ఫిలిప్పీ ఊరి చెరసాల్లో పౌలూ, ఆయన తోటి సేవకుడు సీలా పాడింది భూకంపం వచ్చాక కాదు, ముందు, వీపు మీద దెబ్బలు ఇంకా పచ్చిగా ఉండగా, కాళ్లు బొండలో, అంటే చెక్క దిమ్మల మధ్య బిగించి ఉండగా. యూట్యూబ్‌లో పెట్టుకుని వినడం వేరు, సొంత గొంతుతో పాడటం వేరు, శృతి లేకపోయినా పర్లేదు, చిన్నప్పుడు అమ్మమ్మ పాడిన కీర్తన ఒకటి గుర్తుంటే అది చాలు. పాడేటప్పుడు శ్వాస దానంతట అదే నిదానిస్తుంది, అదీ ఒక లాభం.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి నిద్ర పట్టనప్పుడు మాత్రం పెద్ద ప్రార్థనలు పెట్టుకోకండి, ఆ టైంలో బుర్ర ప్రతి విన్నపాన్నీ మళ్లీ భయంగా మార్చేస్తుంది. ఫోన్ ముట్టుకోవద్దు. "యెహోవా నా కాపరి" అనుకుంటూ నెమ్మదిగా ఊపిరి పీల్చండి, "నాకు లేమి కలుగదు" అనుకుంటూ ఇంకా నెమ్మదిగా వదలండి, వదలడం పీల్చడం కంటే ఎక్కువసేపు ఉండాలి, అలా వదిలితే గుండె దడ నెమ్మదిస్తుంది. ఇది కొత్తగా పుట్టిన టెక్నిక్ అనుకోకండి, తూర్పు దేశాల సంఘాల్లో శతాబ్దాల నుంచి యేసు నామంతో ఒకే చిన్న ప్రార్థన మళ్లీ మళ్లీ చెప్పుకునే అలవాటు ఉంది, కథోలికులకి జపమాల ఉంది.

ఏలీయా ప్రవక్త విషయం కూడా గుర్తుపెట్టుకోండి. మొదటి రాజులు 19లో బదరీ వృక్షం కింద కూర్చుని చావు ఇమ్మని అడిగినప్పుడు దేవుడు ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె నీళ్లు పంపాడు, తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు, మాటలు ఆ తర్వాతే. అందుకే చెప్తున్నా, నిద్ర సరిగ్గా లేక, తిండి సయించక అల్లాడుతున్నవాళ్లు ఆ వారంలోనే ఉపవాస ప్రార్థన, ఆల్ నైట్ ప్రేయర్ పెట్టుకోవద్దు. షుగర్ మందులు వాడేవాళ్లు అసలే వద్దు, డాక్టర్‌ని అడగకుండా. తిని పడుకోవడం కూడా ఆ టైంలో విధేయతే.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? రెండు వారాలు దాటినా నిద్ర కుదరకపోతే, పనికి వెళ్లలేకపోతే, ఉన్నట్టుండి ఊపిరాడనట్టు అయిపోతుంటే వెళ్లండి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం అది టెన్షనే అని మీరే తేల్చేసుకోకుండా వెంటనే హాస్పిటల్‌కి పోవాలి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ, వణుకు వస్తాయి, చిన్న రక్త పరీక్షతో తెలిసిపోతుంది, ఎన్నేళ్లు ప్రార్థన చేయించుకున్నా ఆ పరీక్ష చేయించుకోనివాళ్లు ఉన్నారు. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మందులు వాడుతుంటే కూటంలో ఎవరో "స్వస్థత వచ్చేసింది, మాత్రలు పారెయ్" అన్నారని ఒక్కసారిగా ఆపకండి, కొన్ని మందులు అలా ఆపితే ఇంకా ప్రమాదం. సువార్త రాసిన లూకా వైద్యుడే, పౌలు ఆయన్ని ప్రియుడైన వైద్యుడు అని రాశాడు. మనవాళ్లు గుండెకీ కిడ్నీకీ రైలెక్కి వెల్లూరు సీఎంసీ హాస్పిటల్‌కి పోతారు, అక్కడ మానసిక వైద్య విభాగం కూడా ఉంది, దానికి వెళ్లడానికి మాత్రం సిగ్గుపడతాం.

యూట్యూబ్‌లో "ఈ నెలలో మీ ఇంటి మీదికి ఒక కీడు రాబోతుంది, వెంటనే ఈ నంబర్‌కి కాల్ చేయండి" అనే ప్రవచనాలు చూడటం ఆపేయండి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ప్రార్థన మనవి ఎవరికి చెప్పాలి అన్నది కొంచెం ఆలోచించాలి. వాట్సాప్ గ్రూప్‌లో పెడితే యాభై ఆమేన్ స్టిక్కర్లు వస్తాయి, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఇద్దరు చాలు, నోరు కట్టుకోగలిగిన ఇద్దరు. ఒక అక్కనో, సంఘంలో ఒక పెద్దాయన్నో పట్టుకుని వారానికి ఒకసారి ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పి కలిసి ప్రార్థన చేసుకోండి. వేరే ఊళ్లో, గల్ఫ్‌లో ఒంటరిగా ఉన్నవాళ్లకి ఫోన్‌లో అయినా సరే.

ఇక మీ ఇంట్లోనే ఎవరైనా ఇలా బాధపడుతుంటే, "విశ్వాసం పెంచుకో వదినా" అని మాత్రం అనకండి. బైబిల్లో కష్టాల్లో పడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే పాడుచేశారు. ఏం అనాలో తెలీకపోతే రేపు ఆవిడ టెస్టులకి వెళ్తున్నప్పుడు తోడు వెళ్లండి, లైన్లో టోకెన్ మీరు తీసుకోండి, పిల్లల్ని స్కూల్ నుంచి మీరు తీసుకురండి, కూర ఎక్కువ వండి ఒక గిన్నె పంపండి. ప్రార్థన చేయమని ఆవిడే అడిగితే అప్పుడు చెయ్యి పట్టుకుని చిన్నగా చేయండి.