డిసెంబరాలు: ఆకులే కానీ పూలేవీ?

డిసెంబరం మన అడవుల మొక్కే. కొన్ని ఊళ్లలో గొబ్బిపూలంటారు, శాస్త్రనామం బార్లేరియా క్రిస్టాటా. ప్రహరీ నీడలో, మామిడి చెట్టు కింద కూడా బతికేస్తుంది. ఇంత మొండి మొక్కతోనూ కొన్ని పేచీలు తప్పవు.

ఏపుగా పెరిగింది, మొగ్గ లేదు

ముందు ఒకటి గుర్తు తెచ్చుకోండి: కత్తెర ఎప్పుడు వేశారు? మొగ్గలు వచ్చేది ఎక్కువగా కొమ్మల చివర్లలోనే. దసరాకి ఇల్లు సర్దుతూ పెరడు కూడా నీటుగా కత్తిరించేస్తే ఆ ఏటి పూలు చెత్తబుట్టలో పడ్డట్టే. నేనూ ఒక ఏడాది ఆ ఘనకార్యం చేసి సంక్రాంతి దాకా ఉత్త ఆకులు చూస్తూ కూర్చున్నాను. పూత అయిపోయాక, ఫిబ్రవరిలో కత్తిరించండి. జూలై దాటాక ముట్టుకోవద్దు.

కత్తెర తగలకపోయినా పూయలేదా? కణుపు కణుపుకీ మధ్య దూరం చూడండి. కాడలు సన్నగా సాగి వెలుగు వైపు వాలుతుంటే నీడ మరీ ఎక్కువైంది. పైనున్న చెట్టు కొమ్మలు ఒకటి రెండు తీసి, పొద్దుటి ఎండ రెండు మూడు గంటలైనా తగలనివ్వండి. వెలుగు బాగానే ఉండి ఆకులు ముదురు పచ్చగా, మెత్తగా పెరుగుతుంటే మాత్రం యూరియా మానేయండి.

ఆకులకు చిల్లులు

ఆకు తిప్పి చూడండి. ఒంటి నిండా పాయలు పాయలుగా ముళ్లున్న నల్లటి గొంగళిపురుగు కనిపిస్తే మందు డబ్బా పక్కన పెట్టండి. అది లెమన్ పాన్సీ పిల్ల కావచ్చు. గోధుమరంగు రెక్కల మీద నిమ్మపసుపు చుక్కలతో తిరిగే సీతాకోకచిలుక అదే. నాలుగు ఆకులు తింటే తిననివ్వండి, మొక్క మళ్లీ చిగురిస్తుంది. ఆకుల పంచల్లో తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి. నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి.

పూలున్నాయి, తేనెటీగలు రావడం లేదు

తెల్లారకుండానే బుట్టెడు కోసి మాల కట్టేస్తే అవి దేనికోసం రావాలి? ఈ గొడవ మా ఇంట్లో ఏటా ఉంది. గుమ్మం వైపు పూలు జడకి, గోడ వైపువి ఈగలకి అని పంచుకున్నాం. పూత ఉన్నన్నాళ్లూ మందులు కొట్టకండి, వేపనూనె అయినా సరే.

ఆకులు పసుపుపచ్చగా వాడిపోతున్నాయి

తడి ఉన్నా వాడుతోందంటే వేరు కుళ్లుతోందేమో. మట్టి పైన ఆరాకే నీళ్లు పోయండి. వేరు నల్లబడి మెత్తబడితే ఇక ఆ మొక్క మీద ఆశ వదులుకుని, గట్టిగా ఉన్న కొమ్మని జానెడు కోసి వానల్లో గుచ్చండి.