కారులో యూరప్ – మూడో పాఠం: హద్దుల పట్టిక

గత రెండు పాఠాల్లో కాగితాల పని ముగించాం. ఇండియా లైసెన్సుతో నడపబోయేవాళ్లు బయల్దేరే ముందే ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నారు, అద్దె కారు ఏయే దేశాల్లోకి వెళ్తుందో కంపెనీ చేత కాగితం మీద రాయించుకున్నారు. ఇక దారి గీద్దాం.

నేర్చుకోవడానికి ఒక్క రూటే పట్టుకుందాం. మ్యూనిక్‌లో మొదలుపెట్టి సాల్జ్‌బర్గ్, బ్లెడ్, లుబ్లియానా, వెనిస్, వెరోనా చూసి, బ్రెన్నర్ కనుమ ఎక్కి ఇన్స్‌బ్రుక్ మీదుగా మళ్లీ మ్యూనిక్. జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేనియా, ఇటలీ, మొత్తం నాలుగు దేశాలు, 8 రోజులు, అటూ ఇటూగా 1,250 కిలోమీటర్లు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో ఇలాంటి చుట్టు బాగుంటుంది. మరీ తిప్పలు పెట్టదు, అలాగని మరీ దగ్గరా కాదు.

చాలామంది మొదటి రోజు నుంచి వరసగా ప్లాన్ వేసుకుంటూ పోతారు. చివరికి మిగిలిన దూరమంతా ఆఖరి రోజు నెత్తిన పడుతుంది. అందుకే ముందు అన్నిటికన్నా కష్టమైన రోజు ఏదో వెతకండి. మన చుట్టులో అది వెరోనా నుంచి మ్యూనిక్, సుమారు 430 కిలోమీటర్లు. మ్యాప్ నాలుగున్నర, అయిదు గంటలు చూపిస్తుంది. ఆ లెక్కలో టీ లేదు, బాత్‌రూమ్ లేదు, మోకాళ్ల నొప్పి అసలే లేదు. రెండు గంటలకోసారి 20 నిమిషాలు, భోజనానికి ముప్పావు గంట, సరిహద్దు దగ్గర అరగంట కలపండి. ఏడు గంటలు అవుతుంది. తొమ్మిదింటికి బయల్దేరితే సాయంత్రం నాలుగు. ఆ రోజు చూడ్డానికి ఇంకేమీ పెట్టుకోవద్దు. మధ్యలో ఇన్స్‌బ్రుక్‌లో పెద్ద బజారు తిరుగుదాం అని ఎవరైనా అంటే, అక్కడ ఒక రాత్రి హోటల్ బుక్ చేయమనండి.

ఈ ఒక్క రోజూ ఖాయమయ్యాకే మిగతావి. సాల్జ్‌బర్గ్ నుంచి బ్లెడ్ 240 కిలోమీటర్లు, లుబ్లియానా నుంచి వెనిస్ కూడా దాదాపు అంతే. మిగిలినవి చిన్న చిన్న ముక్కలు.

తర్వాత వారం చూడండి. జులై, ఆగస్టు శనివారాల్లో ఆల్ప్స్ దాటే పని పెట్టుకోకండి. అక్కడ సెలవు ఇళ్లు శనివారం నుంచి శనివారానికి అద్దెకిచ్చే అలవాటు ఎక్కువ. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు అందరూ ఒకే రోజు రోడ్డు మీద ఉంటారు. జనం ఎక్కువైతే టన్నెల్ ముందు ఎర్ర దీపం వేసి బండ్లను విడతలుగా వదులుతారు. బ్రెన్నర్ దారిలో ఇంకో చిక్కుంది. లూగ్ వంతెన పాతబడిపోవడంతో 2025 జనవరి నుంచి అక్కడ మామూలు రోజుల్లో ఒక్కోవైపు ఒక్కో లేనే నడుస్తోంది. బాగా రద్దీ ఉండే రోజుల్లో రెండు లేన్లు తెరుస్తారు. కొత్త వంతెన పూర్తయ్యేదాకా అక్కడ ఇంకో అరగంట చేతిలో పెట్టుకోవాలి. నన్నడిగితే మంగళవారం, బుధవారం హాయి.

ఇక అసలు పని, హద్దుల పట్టిక. ఒక కాగితం తీసుకుని, దేశం మారిన ప్రతిచోటా ఒక వరస రాయండి. ఒక్కో వరసకి మూడు ప్రశ్నలు: రోడ్డుకి డబ్బు ఎలా కట్టాలి? ఎప్పుడు కొనాలి? ఆ టికెట్ చెల్లని చోటు ఏదైనా ఉందా? మూడో ప్రశ్న మర్చిపోయినవాళ్లే ఎక్కువగా దొరికిపోతారు.

జర్మనీ వరస ఖాళీ. కార్లకి ఆటోబాన్ మీద టోల్ లేదు.

ఆస్ట్రియాలో మోటర్‌వే ఎక్కాలంటే విన్యెట్ కావాలి. మన ఫాస్టాగ్ టోల్ గేటు దాటినప్పుడల్లా డబ్బు కోస్తుంది, విన్యెట్ మాత్రం రోజులకి కొనుక్కునే పాసు. ఎంత తిరిగినా అంతే ధర. 2025లో కారుకి ఒకరోజుది 9.30 యూరోలు, 10 రోజులది 12.40. మనం ఆస్ట్రియాలో ఉండేది మొదటి రెండు రోజులు, మళ్లీ ఎనిమిదో రోజు. రెండు ఒకరోజు పాసులు కొన్నా 18 యూరోలు దాటుతాయి, పైగా రెండో రోజుకి ఇంకోటి కావాలి. 10 రోజులది ఒక్కటి కొంటే అన్నిటికీ సరిపోతుంది. ఆస్ట్రియా మోటర్‌వేలు చూసే అస్ఫినాగ్ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. అదే పాసుని సర్వీస్ చార్జీ వేసి అమ్మే సైట్లు వెతుకులాటలో ముందు కనిపిస్తాయి, చూసుకోండి.

డిజిటల్ విన్యెట్ కారు నంబరుకి ముడిపడి ఉంటుంది. అద్దె కారైతే తాళాలు చేతికొచ్చేదాకా నంబరు తెలియదు కాబట్టి ఇంటి దగ్గర కొనేసి వెళ్లడం కుదరదు. పార్కింగ్‌లోనే నిలబడి, నంబరు ప్లేటు చూస్తూ ఫోన్‌లో కొట్టాలి. ఇంగ్లిష్ O అక్షరానికి బదులు సున్నా పడిందా, రిజిస్ట్రేషన్ దేశం జర్మనీ అని పెట్టామా అని ఇద్దరు చూడండి. ఒకరు చదివితే ఇంకొకరు టైప్ చేయడం మేలు. కెమెరా చదివేది ప్లేటునే. తప్పు నంబరు మీద కొన్న పాసు ఉన్నా లేనట్టే. ఒకరోజు, 10 రోజుల పాసులు కొన్న వెంటనే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు.

ఆస్ట్రియా వరసలో మూడో ప్రశ్నకి జవాబు పెద్దది. టవర్న్ టన్నెళ్లు ఉన్న ఎ10 మోటర్‌వే ముక్క, కరవాంకెన్ టన్నెల్, బ్రెన్నర్ మోటర్‌వే, ఈ మూడింట్లో విన్యెట్ లెక్కలోకి రాదు. విడిగా టోల్ కట్టాలి. మన దారి మూడింటి మీదుగానూ పోతుంది. గేటు దగ్గర కార్డు ఇచ్చి కట్టొచ్చు, లేదా అస్ఫినాగ్ దగ్గరే ముందుగా నంబరు మీద కొని ఆగకుండా వెళ్లొచ్చు.

కరవాంకెన్ దాదాపు 8 కిలోమీటర్ల టన్నెల్. అటు ఆస్ట్రియా, ఇటు స్లొవేనియా. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. లోపలికి వెళ్లేముందు టోల్ కట్టాం, ఆస్ట్రియా పాసూ ఉంది, ఇంకేం టెన్షన్ అనుకుంటారు. బయటికి వచ్చిన క్షణం నుంచి స్లొవేనియా మోటర్‌వే, దానికి దాని సొంత ఈ-విన్యెట్ కావాలి. 2025లో కారుకి వారం పాసు 16 యూరోలు. 2022 నుంచి అద్దానికి అంటించే స్టిక్కరు లేదు, అంతా నంబరు మీదే. అక్కడి మోటర్‌వేలు చూసే దార్స్ సంస్థ సైట్‌లో ముందురోజు రాత్రి సాల్జ్‌బర్గ్ హోటల్‌లోనే కొనేయండి. ఏడెనిమిది మంది పట్టే వ్యాను తీసుకుంటే ఒక మాట: ముందు చక్రాల దగ్గర బండి ఎత్తు 1.30 మీటర్లు దాటితే అది వేరే తరగతి, ధర కూడా ఎక్కువ. తక్కువ తరగతి కొంటే చెల్లదు.

టన్నెల్ వద్దు, కొండ మీంచి వెళ్దాం అంటే వుర్త్సెన్ కనుమ ఉంది. 18 శాతం వాలు. పెద్దవాళ్లు వెనక సీట్లో ఉన్నప్పుడు నేనైతే చచ్చినా వెళ్లను. కొండ దారి సరదా ఉంటే సాల్జ్‌బర్గ్ తర్వాత గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డుకి ఒక రోజు కేటాయించండి. 1935లో తెరిచిన రోడ్డు, 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు. కారుకి 40 యూరోలకి పైనే తీసుకుంటారు. చలికాలం మూసేస్తారు, వేసవిలో కూడా రాత్రిపూట గేటు వేస్తారు.

ఇటలీ వరస తేలిక. గేటులో టికెట్ లాగి, దిగేచోట దూరానికి తగ్గ డబ్బు కట్టడమే. పసుపు లేన్ టెలిపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) ఉన్నవాళ్లది, అందులోకి దూరకండి. నీలం కార్డులకి, తెలుపు నోట్లకి. పాత ఊళ్ల నడుమ కెమెరాలు కాపలా కాసే నిషేధ ప్రాంతాల సంగతి వచ్చే పాఠంలో, పార్కింగ్‌తో కలిపి.

పట్టిక కింద ఇంకో గీత గీసి పాస్‌పోర్టులు అని రాయండి. షెంగెన్ (మామూలుగా సరిహద్దు తనిఖీలు లేని దేశాల కూటమి) లోపలే కదా అని వాటిని డిక్కీలో సూట్‌కేసు అడుగున పెట్టకండి. ఇటలీ 2023 అక్టోబరులో స్లొవేనియా వైపు తనిఖీలు మొదలుపెట్టింది. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి అన్ని భూసరిహద్దుల్లోనూ పెట్టింది. అమ్మానాన్నల పాస్‌పోర్టులు, మీ రెసిడెన్స్ కార్డు ముందు సీటు డ్రాయర్‌లో ఉండాలి.

అభ్యాసం: ఇదే చుట్టుని వెనిస్‌లో నాలుగు రోజులు పెంచి 12 రోజులకి సాగదీయండి. ఇప్పుడు ఆస్ట్రియాకి ఏ పాసు, ఎన్ని కొనాలి? స్లొవేనియా పాసు మారుతుందా? సోమవారం బయల్దేరితే బ్రెన్నర్ ఏ వారం నాడు దాటుతారు, దాన్ని ఎలా సర్దుతారు? జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను.