వానలు దిగకముందే పాత బండి సెల్ఫ్ సంగతి చూసుకోండి

జూన్ సగానికి వచ్చేసరికి మనవైపు వానలు పట్టేస్తాయి. పర్లాకిమిడి నుంచి ఆర్.ఉదయగిరి, మోహన వైపు ఘాట్ ఎక్కేవాళ్ళు, గుణుపురం రాయగడ రోడ్డు మీద తిరిగేవాళ్ళు, పనుల మీద రోజూ పాతపట్నం టెక్కలి వెళ్ళొచ్చేవాళ్ళు, మీ బండి పదేళ్ళు దాటిందంటే ఒక ఆదివారం పొద్దున్న గంటసేపు దాని దగ్గర కూర్చోండి. టైర్లు, బ్రేకులు అందరూ చూస్తారు, బటన్ నొక్కితే బండిని స్టార్ట్ చేసే సెల్ఫ్‌ని మాత్రం ఎలాగూ కిక్ ఉంది కదా అని ఒగ్గేస్తారు. సెల్ఫ్ పని చెయ్యకపోతే కొంపేమీ మునగదు, నిజమే. కానీ సెల్ఫ్ పట్టేసి ఆగకుండా తిరిగితే మాత్రం బండి తగలబడే దాకా పోవచ్చు, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది దాని గురించే.

పట్టేయడం అంటే ఏంటంటే బటన్ మీంచి వేలు తీసేసినా మోటార్ గుర్రుమని తిరుగుతూనే ఉంటుంది. తాళం తీసేసినా ఆగదు, హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ కొట్టినా ఆగదు, మనిషికి కాళ్ళూచేతులూ ఆడవు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్‌కి వెళ్ళే లావు వైరు తాళం గుండా పోదు, మధ్యలో ఉండేది ఒక్క రిలే మాత్రమే, చాలా బళ్ళలో ఆ వైరుకి ఫ్యూజ్ కూడా ఉండదు. మనం బటన్ నొక్కితే రిలే లోపల చిన్న కాయిల్‌కి కరెంటు వెళ్ళి ఒక రాగి ముక్కని లాగి రెండు బోల్టులకి ఆనిస్తుంది, వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తుంది, అంతే దాని పని. బ్యాటరీ వీక్‌గా ఉంటే కాయిల్‌కి గట్టిగా పట్టుకునే సత్తువ ఉండదు, ఆనీ ఆనకుండా కొట్టుకుంటుంది, మనకి టకటకటక అని వినపడేది అదే. ప్రతి టక్కుకీ లోపల నిప్పురవ్వ లేస్తుంది, అలా కాలీ కాలీ ఆఖరికి ఆ రాగి ముక్క వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోతుంది. కాబట్టి టకటకమంటుంటే ఇంకోసారి ఇంకోసారి అని బటన్ నొక్కుతూ కూర్చోకండి, కిక్ కొట్టుకోండి.

ఒకవేళ పట్టేసిందనుకోండి, మొదట న్యూట్రల్ చెయ్యండి, గేర్లో ఉంటే సెల్ఫ్ మోటారే బండిని ముందుకి లాగేస్తుంది. తర్వాత సీటో సైడ్ కవరో తీసి రిలే మీద స్క్రూడ్రైవర్ పిడితో గట్టిగా నాలుగు దెబ్బలు వెయ్యండి, చాలాసార్లు ఊడొస్తుంది. రాకపోతే ఆలస్యం చెయ్యకుండా బ్యాటరీ నెగటివ్ బోల్టు విప్పేయండి. వైరు కాలిపోతూ ఉంటుంది కాబట్టి గుడ్డ పెట్టి పట్టుకోండి, తీసేటప్పుడు రవ్వ లేస్తుంది, మొహం పక్కకి పెట్టుకోండి, పెట్రోల్ కారుతున్న బండైతే ఇంకా జాగ్రత్త. ముందు నెగటివే ఎందుకంటే పాజిటివ్ విప్పేటప్పుడు పానా ఛాసిస్‌కి తగిలితే షార్టే, బిగించేటప్పుడు మాత్రం పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖర్న. మీ బండి బ్యాటరీ బోల్టుకి ఏ పానా పడుతుందో ఇప్పుడే చూసి ఒకటి బండిలో పడేసుకోండి, ఘాట్ మధ్యలో వెతుక్కుంటే దొరకదు. దెబ్బకి ఊడొచ్చింది కదా అని మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి, ఒకసారి అతుక్కున్న రిలే మళ్ళీ అతుక్కుంటుంది, కిక్ మీద ఇంటికొచ్చి కొత్తది వేయించండి. మోటార్‌తో పోలిస్తే రిలే ఖరీదు చాలా తక్కువ, దాన్ని విప్పి గీకి మళ్ళీ వేస్తామనే మెకానిక్ మాట వినొద్దు.

ఇప్పుడు ముందస్తుగా చూసుకోవాల్సినవి. అన్నిటికీ మూలం బ్యాటరీ. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే పెట్టి చూడండి, 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 కంటే కిందకి ఉంటే చార్జింగ్ పెట్టాల్సిందే. తర్వాత సెల్ఫ్ కొడుతుండగా చూడండి, 9.6 కంటే కిందకి జారిపోతుందంటే చార్జింగ్ పెట్టి మళ్ళీ చూడాలి, అప్పుడూ అదే వరస అయితే బ్యాటరీకి ముసలితనం వచ్చేసినట్టే. బండి స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి, రాకపోతే కొత్త బ్యాటరీ వేసినా నెలకే పడుకుంటుంది, బండి నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే రెగ్యులేటర్, మాగ్నెట్ కాయిల్ చూపించుకోవాలి. చార్జర్ పెట్టేటప్పుడు కారు బ్యాటరీలకి వాడే పెద్దది పెట్టకండి, 9 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీకి 1 ఆంపియర్ లోపు చాలు. మూతలున్న పాత రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, బోరు నీళ్ళు కాదు.

కరెంటు ఉన్నప్పుడే ఇదంతా చేసుకోమని ఎందుకంటున్నానంటే మనవైపు అసలు గండం అక్టోబర్లో వస్తుంది. 2013లో ఫైలిన్ తుపాను, 2018లో తిత్లీ తుపాను, రెండూ అక్టోబర్లోనే, తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్ని కూడా ముంచేసింది, కరెంటు స్తంభాలు పడిపోయి ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు చార్జర్ ఎక్కడ పెడతారు? మందులకైనా మంచినీళ్ళకైనా బండే దిక్కు. కొన్ని బళ్ళకి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్ కొట్టినా స్పార్క్ రాదు, కిక్ లేని బళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

టెర్మినల్స్ దగ్గర చాలామంది పైపైన చూసి వదిలేస్తారు. రిలే మీద ఉండే రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూడండి, నట్టు చుట్టూ పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, వైరు లోపల రాగి తీగలు నల్లబడి వేలితో గీకితే పొడి రాలుతుంది. బ్యాటరీ కొత్తదైనా సెల్ఫ్ నీరసంగా తిరగడానికి సగం కారణం అక్కడే ఉంటుంది. బ్యాటరీ వైర్లు విప్పాకే ముట్టుకోండి, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి పైన వాజిలీన్ రాయండి. ఇంజిన్‌కి బిగించిన ఎర్త్ వైరుకి కూడా ఇదే పని, అది కనపడదు కాబట్టి ఎవరూ చెయ్యరు.

బటన్ నొక్కితే అసలు చప్పుడే లేదంటే రిలేని తిట్టుకోకండి, ముందు కిల్ స్విచ్, తర్వాత ఫ్యూజ్, ఆ తర్వాత క్లచ్ లివర్ కింద ఉండే చిన్న స్విచ్ చూడండి. ఘాట్ రోడ్ల ఎర్రమట్టి, వాన నీళ్ళు కలిసి హ్యాండిల్ స్విచ్‌లోకి దిగితే బటనే లోపల ఇరుక్కుపోయి వెనక్కి రాదు, అప్పుడు కూడా సెల్ఫ్ ఆగదు, అయితే ఈసారి కిల్ స్విచ్‌కో తాళానికో ఆగుతుంది, తేడా అలా తెలుస్తుంది. స్విచ్ విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ హ్యాండిల్ మీద పెట్టనివ్వకండి. ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్‌ది వెయ్యాలి, సిగరెట్ పెట్టె రేకు, వైరు పోగు చుట్టి నడిపించడం అంటే ఇంటిదాకా నిప్పుని వెంటబెట్టుకుని వెళ్ళడమే.

మోటార్ జుయ్యిమని ఖాళీగా తిరిగి ఇంజిన్ కదలకపోతే మోటార్ తిప్పుడుని ఇంజిన్‌కి అందించే వన్‌వే క్లచ్ పోయినట్టు, అది ఇంజిన్ సైడు విప్పాల్సిన పని, వానల ముందే చేయించుకోండి. టక్ మని ఒక్కసారి అని ఊరుకుంటే, బ్యాటరీ బాగుంటే, మోటార్లో కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. ఏ సెల్ఫ్ అయినా ఒకసారికి 5 సెకన్లకి మించి కొట్టకండి, మధ్యలో మోటార్‌కి కాస్త చల్లబడే టైం ఇవ్వండి, పాత బళ్ళకి హెడ్‌లైట్ స్విచ్ ఉంటుంది కదా, ఆపుకుని కొట్టండి.

ఇంకొకటుంది, ఇది మర్చిపోవద్దు. మహేంద్రతనయ నది పొంగి కల్వర్టు మీద నీళ్ళు పారుతుంటే బండి దింపకండి, దింపాక మధ్యలో ఆగిపోతే సెల్ఫ్ మీద చెయ్యి వెయ్యకండి. సిలిండర్లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే పిస్టన్ నీళ్ళని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది, దాంతో ఇంజిన్ మొత్తం దిగాల్సిందే. తోసుకుంటూ గట్టుకి తెచ్చి ప్లగ్ ఊడదీసి, తాళం ఆపి ఉంచి, కిక్కుని చేత్తో మెల్లగా తిప్పితే నీళ్ళుంటే ప్లగ్ రంధ్రంలోంచి చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా వంపేయండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే అది మార్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు, ట్రాలీ ఆటోలో వేసుకుని రండి.