బిల్డింగ్ కట్టే సైట్‌లో సామాను పోతోందా? ఏం పోయిందో చూస్తే ఎటు నుంచి పోయిందో తెలుస్తుంది

పొద్దున స్టోర్ తలుపు తీయగానే రెండు గ్రైండర్లు, ఒక హామర్ డ్రిల్ కనపడకపోతే చాలామంది చేసే పని ఒకటే, ఇంకా పెద్ద తాళం కొనడం, దాని పైన ఒక కెమెరా పెట్టించడం. వాటితో ఆగే దొంగతనాలు ఉన్నాయి, వాటికి అసలు సంబంధమే లేనివీ ఉన్నాయి. ఏం పోయింది, చివరిసారి ఎవరు చూశారు, తాళం ఎలా ఉంది, ఈ మూడూ చూస్తే సామాను ఏ దారిన బయటికి వెళ్ళిందో చాలావరకు అర్థమవుతుంది. అది తెలిశాకే డబ్బు తీయండి.

కాబట్టి దేన్నీ ముట్టుకోకముందు తాళం, తలుపు, కంచె, నేల మీద టైరు గుర్తులు ఉంటే అవి, అన్నిటికీ ఫోటోలు తీసుకోండి. తర్వాత పోయిన ఒక్కో వస్తువు గురించి చివరిసారి ఎవరి చేతిలో ఉందో అడగండి. "శనివారం చూసినట్టు గుర్తు" అనే జవాబు వస్తే మీ అసలు సమస్య అదే, అది రాత్రి పోయిందో పగలు పోయిందో కూడా మీకు తెలియదు.

"తాళం అలాగే ఉంది, మెషిన్ మాత్రం లేదు"

ఎక్కువ సైట్లలో ఎదురయ్యేది ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. తాళం చెక్కుచెదరలేదంటే చాలావరకు కారణాలు రెండే. ఒకటి, తాళంచెవి ఎన్ని చేతుల్లో ఉందో ఎవరికీ లెక్క లేదు, పని మానేసి వెళ్ళిన సూపర్‌వైజర్ దగ్గర కూడా ఒకటి ఉండిపోయి ఉంటుంది. రెండు, ఆ మెషిన్ ఆ సాయంత్రం అసలు స్టోర్‌కి తిరిగి రాలేదు. మూడో అంతస్తులో పని చేసే చోట వదిలేశారు, లేదా పట్టపగలే గేటులోంచి వెళ్ళిపోయింది.

తాళంచెవి సంగతి తేలిక. తాళం మార్చండి, రెండే చెవులు ఉంచండి, ఎవరి దగ్గర ఉన్నాయో పుస్తకంలో రాయండి, ఆ మనిషి వెళ్ళిపోయిన రోజే మళ్ళీ మార్చండి. నంబర్ తాళమైతే నంబరు మార్చడం ఇంకా సులువు.

రెండోదానికి మందు సాయంత్రం లెక్క, నా అనుభవంలో ఏ తాళం కన్నా ఇదే ఎక్కువ సామాను కాపాడుతుంది. గోడకి ఒక పలక కొట్టి ప్రతి మెషిన్‌కి ఒక మేకు, దాని మీద మెషిన్ బొమ్మ గీసి పెట్టండి. పనివాళ్ళకి పేరున్న బిళ్ళలు ఇవ్వండి. మెషిన్ తీసుకునేవాళ్ళు దాని మేకుకి తమ బిళ్ళ తగిలించి తీసుకెళ్తారు. సాయంత్రం మెషిన్ తిరిగి వచ్చాక బిళ్ళ మళ్ళీ ఆ మనిషి చేతికి వెళ్తుంది. పలక వంక ఒక్క చూపు చూస్తే ఎవరి దగ్గర ఏముందో తెలిసిపోతుంది, చదువు రాని వాళ్ళకి కూడా ఇబ్బంది ఉండదు. ఒక్క మాట, ఈ లెక్క అందరూ వెళ్ళిపోయాక కాదు, వెళ్ళడానికి పావుగంట ముందు జరగాలి. అప్పుడైతే "పైన మర్చిపోయాను" అన్నవాళ్ళు వెంటనే వెళ్ళి తెచ్చేస్తారు.

ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి. సామాను పోగానే కూలీల మీద పడిపోవద్దు. చేతికి ఆధారం లేకుండా ఒకరిని దొంగ అంటే ఆ మనిషి మర్యాద పోతుంది, మిగతావాళ్ళు కూడా ఆ తర్వాత ఏం చూసినా నోరు విప్పరు. గేటు దగ్గర సంచులు చూడాలనుకుంటే ఆ సంగతి పనిలో చేరేటప్పుడే చెప్పండి, మేస్త్రీ బండినీ ఇంజినీర్ కారు డిక్కీనీ కూడా అలాగే చూడండి.

"తాళం కోసేశారు, గొళ్ళెం పీకేశారు"

ఇది బయటి నుంచి వచ్చినవాళ్ళ పని అయ్యే అవకాశం ఎక్కువ. తాళానికి కొక్కెం బయటికి కనపడుతూ ఉంటే బోల్ట్ కట్టర్ దాన్ని పట్టేస్తుంది, బ్యాటరీ గ్రైండర్ అయితే ఎంత గట్టి ఇనుమైనా కొద్ది నిమిషాల్లో కోసేస్తుంది. అందుకే కొక్కెం కనపడకుండా చుట్టూ ఇనుప తొడుగు ఉన్న తాళం తీసుకోండి. గొళ్ళేన్ని స్క్రూలతో కాకుండా తలుపు అవతలికి దిగే బోల్టులతో బిగించి లోపల నట్టు వెల్డింగ్ చేయించండి. తలుపు బందులు బయటివైపు ఉంటే వాటి పిన్నులకి కూడా వెల్డింగ్ పడాలి, లేకపోతే తాళం ఎంత గొప్పదైనా తలుపు అవతలి వైపు నుంచి ఊడి వస్తుంది.

ఏ తాళమైనా కొంత సమయం మాత్రమే సంపాదించి పెడుతుంది. ఆ సమయంలో ఎవరికో ఒకరికి తెలియాలి, అంటే తలుపు తెరుచుకుంటే మోగే అలారం కావాలి. స్టోర్ లోపల ఇంకో ఇనుప పెట్టె పెట్టి దాన్ని నేల స్లాబ్‌కి యాంకర్ బోల్టులతో బిగించి, చిన్నవీ ఖరీదైనవీ, అంటే లేజర్ లెవెల్, బ్యాటరీ డ్రిల్స్ లాంటివి అందులో పెడితే రెండో అడ్డు కూడా ఉన్నట్టే.

నిచ్చెనలు, గడ్డపారలు, బోల్ట్ కట్టర్లు, గ్యాస్ కటింగ్ సెట్ రాత్రి బయట వదలకండి. దొంగ ఖాళీ చేతులతో వచ్చి మీ సామానుతోనే మీ తలుపు తీస్తాడు. కంచె పక్కన ఇటుకలు పేర్చడం కూడా మెట్లు కట్టి ఇచ్చినట్టే.

"కప్లర్లు, పిన్నులు, బ్లేడ్లు రోజూ కొన్ని తగ్గుతున్నాయి"

పరంజా, సెంట్రింగ్ పైపుల్ని పట్టి ఉంచే కప్లర్లు, పిన్నులు, కోసే బ్లేడ్లు, ఇలాంటి చిన్న ముక్కలు గోడ దూకి పోవు. చెత్త బండిలో పోతాయి, పాత ఇనుములో కలిసి పోతాయి, లేదా స్లాబ్ కింద సెంట్రింగ్ విప్పిన చోట మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. ఒక సైట్‌లో జాకీ పిన్నులు నెలలుగా తగ్గుతుంటే అందరం రాత్రి కాపలా మీద అనుమానపడ్డాం, తీరా ఒకరోజు శిథిలాలు నింపిన ట్రాక్టర్ గుంటలో ఒరిగి సగం లోడు కింద పడితే అడుగున రెండు గోనె సంచుల పిన్నులు బయటపడ్డాయి. అనవసరంగా ఆ కాపలా మనిషిని బాధపెట్టామని ఇప్పటికీ అనిపిస్తుంది.

చెత్త బండి నింపేటప్పుడు స్టోర్ మనిషి అక్కడే నిలబడి ఉండాలి. స్క్రాప్‌కి వేరే తాళం వేసి, బయటికి పంపేటప్పుడు తూకం వేయాలి. చిన్న ముక్కల్ని యాభై చొప్పున సంచుల్లో కట్టి పెడితే లెక్క ఐదు నిమిషాల పని. మీ సామానుకి ఒక వింత రంగు పూయండి, పక్క సైట్‌లో కలిసినా గుర్తుపట్టొచ్చు.

"డీజిల్ లెక్క తేలట్లేదు"

ముందు దొంగతనం అనుకోకండి, పైపు కారుతోందేమో, మెషిన్ ఊరికే ఆన్‌లో ఉంటోందేమో చూడండి. తర్వాత ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించండి, అప్పుడు ఈసారి పట్టిన లీటర్లే పోయినసారి నుంచి ఖర్చయినవి. వాటిని అవర్ మీటర్, అంటే మెషిన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే మీటర్, తేడాతో భాగించండి. ఉదాహరణకి 10 గంటలు తిరిగి 60 లీటర్లు పడితే గంటకి 6. అదే మెషిన్, అదే పని, ఒక వారం ఉన్నట్టుండి 8 వస్తే అడగాల్సిన ప్రశ్న ఉంది. మూతకి తాళం, ట్యాంకు మెడలో జాలీ పెట్టించండి, కింద డ్రెయిన్ ప్లగ్ సంగతి మర్చిపోవద్దు, పైన తాళం ఉంటే అక్కడి నుంచి దింపుతారు.

"జేసీబీ లాంటి పెద్ద మెషిన్‌నే తోలుకుపోయారు"

ఇంత పెద్దది ఎలా పోతుంది అనిపిస్తుంది. చాలా కంపెనీల మెషిన్లకి, ముఖ్యంగా పాత మోడల్స్‌కి, ఒకే రకం తాళంచెవి ఉంటుంది, ఒక మెషిన్ చెవితో అదే కంపెనీ ఇంకో మెషిన్ స్టార్ట్ అవుతుంది. ఆ చెవులు విడిగా కూడా దొరుకుతాయి. చక్రాలున్న జనరేటర్, కంప్రెసర్ అయితే చెవి కూడా అక్కర్లేదు, బండికి తగిలించి లాక్కుపోవడమే.

పని అయ్యాక బ్యాటరీ ఐసోలేటర్, అంటే బ్యాటరీ కరెంటుని ఆపేసే స్విచ్, తిప్పి దాని చెవి తీసేయండి, లేదా కోడ్ నొక్కితేనే స్టార్ట్ అయ్యే ఇమ్మొబిలైజర్ పెట్టించండి. బకెట్ నేలకి దించి, చిన్న మెషిన్లని మధ్యలో పెట్టి పెద్దవాటిని చుట్టూ అడ్డంగా నిలపండి. జీపీఎస్ పెడితే రెండు పెట్టండి, ఒకటి మెషిన్ కరెంటుతో, ఇంకోటి సొంత బ్యాటరీతో, వేరే చోట దాచిపెట్టి, ఎందుకంటే మొదటిది వాళ్ళు వెతికి పీకేస్తారు. రాత్రి పూట కదిలితే వచ్చే అలర్ట్ నిజంగా ఫోన్ ఎత్తే ఇద్దరికి వెళ్ళాలి.

మట్టి తవ్వే మెషిన్ల మీద సాధారణంగా 17 అక్షరాలు, అంకెలు కలిసిన పిన్ (PIN) నంబరు, అంటే ఆ మెషిన్ గుర్తింపు నంబరు ఉంటుంది. ప్లేటు మీదా ఫ్రేమ్ మీదా ఎక్కడుందో చూసి ఇప్పుడే ఫోటో తీసుకోండి. ప్లేటు ఊడదీయడం సులువు, ఫ్రేమ్ మీద చెక్కింది చెరపడం అంత సులువు కాదు.

"లాగిన వైరు, రాగి పైపులు కోసుకుపోయారు"

కారణం తొందర. తలుపులు కిటికీలు పడకముందే వైరు లాగడం, వైరు చుట్టిన డ్రమ్ములు బయట వదలడం. వాడే రోజుకి సరిపడా మాత్రమే తెప్పించుకోండి, కేబుల్ గుంతలో వేస్తే అదే రోజు పూడ్చండి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎర్తింగ్ పట్టీ గానీ వైరు గానీ పోయిందని తెలిస్తే ఎలక్ట్రీషియన్ మొత్తం చూసేదాకా మెయిన్ ఆన్ చేయొద్దు. ఎర్త్ లేదని తెలియక మిక్సర్ ముట్టుకున్న మనిషి ప్రాణం పోవచ్చు.

"కెమెరాలు ఉన్నాయి, ఏమీ కనపడట్లేదు"

సాయంత్రం మెయిన్ ఆపితే కెమెరా కూడా ఆగిపోతోందేమో ముందు చూడండి, వినడానికి వింతగా ఉన్నా సైట్లలో ఇది జరుగుతుంది. దానికి వేరే లైను, బ్యాకప్ బ్యాటరీ కావాలి. అద్దం మీద దుమ్ము, సాలెగూడు ఉంటే రాత్రి బొమ్మంతా తెల్లగా వస్తుంది. మరీ ఎత్తులో పెడితే టోపీలు తప్ప మొహాలు కనపడవు, గేటు దగ్గరైనా ఒకటి మనిషి ఎత్తుకి దగ్గరగా ఉండాలి. రికార్డర్‌ని స్టోర్‌లోనే పెడితే సామానుతో పాటు అదీ పోతుంది. వారానికోసారి రాత్రి రెండింటప్పటి రికార్డింగ్ తీసి చూడండి.

వాచ్‌మన్ ఉన్నా పోతోంది అంటే, ఒక్క మనిషితో పన్నెండు గంటలు, సరైన లైటు, కూర్చోవడానికి నీడ లేకుండా కాపలా కాయిస్తున్నారేమో చూసుకోండి. దొంగలతో తలపడమని మాత్రం చెప్పకండి. దూరంగా ఉండి ఫోన్ చేయడమే ఆ మనిషి పని.

పోలీసులకి ఫిర్యాదు ఇచ్చేటప్పుడు సీరియల్ నంబర్లు, బిల్లులు, ఫోటోలు ఇవ్వండి. "నీలం రంగు గ్రైండర్" అని రాస్తే దొరికినా మీదేనని చెప్పలేరు. ఇన్సూరెన్స్ ఉంటే తాళం పగిలిన ఆనవాళ్ళు అడుగుతుందేమో పాలసీలో చదివి, బాగు చేయించకముందే వాళ్ళకి చెప్పండి.

ఒకసారి వచ్చినవాళ్ళు, పోయినవాటి స్థానంలో కొత్తవి వస్తాయని తెలిసి, కొన్ని వారాల్లో మళ్ళీ రావచ్చు. అందుకని దారి మూసిన తర్వాతే కొత్త మెషిన్లు దింపండి, వచ్చిన రోజే నంబరు చెక్కి రిజిస్టర్‌లో ఎక్కించండి, వాటి అట్టపెట్టెలు గేటు బయట పడేయకుండా చింపి లోపలి చెత్తలో వేయండి.