ఎముకల కోసం వైబ్రేషన్ బెల్ట్: ఎవరికి, ఎలా

ముందు డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష) చేయించుకోండి, బెల్ట్ సంగతి తర్వాత. అందులో వచ్చే టి-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువతతో పోలిస్తే మీ ఎముక సాంద్రత ఎలా ఉందో చెప్పే అంకె) మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే ఎముకలు కాస్త పలచబడిన దశ, అంటారు, అమెరికాలో 2024 జనవరిలో అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఆస్టియోబూస్ట్ అనే వైబ్రేషన్ బెల్ట్ ఆ దశలో ఉన్న, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ల కోసమే, అదీ డాక్టర్ రాసిస్తేనే. ఆస్టియోపొరోసిస్ (ఎముకలు ఇంకా పలచబడి సులువుగా విరిగే జబ్బు) అని తేలితే మాత్రం మందుల గురించి అడగండి, ఆలస్యం చేయొద్దు.

కంపించే భాగం నడుం వెనక కిందివైపు ఆనేలా బిగించాలి. రోజుకి 30 నిమిషాలు, నిలబడి గానీ నడుస్తూ గానీ, వంట చేసుకుంటూ పెట్టుకున్నా సరే. ఈ బెల్ట్ మీద జరిగిన ట్రయల్‌లో వారానికి కనీసం 3 సార్లు వాడినవాళ్లకి ఏడాదిలో వెన్నుపూస బలం సుమారు 0.5 శాతమే తగ్గింది, ఉత్తుత్తి బెల్ట్ పెట్టుకున్నవాళ్లకి 2.8 శాతం. అంటే అరుగుదల నెమ్మదిస్తుంది, అంతే, పోయిన ఎముక తిరిగి రాదు. పొట్ట తగ్గిస్తామని ఆన్‌లైన్‌లో అమ్మే బెల్టులు వేరు, దయచేసి ఇదే అనుకుని అమ్మకి అవి కొనిపెట్టకండి.

నడక, కాల్షియం, విటమిన్ డి ఆపొద్దు. పేస్‌మేకర్ ఉన్నా, నడుములో రాడ్డు వేసినా డాక్టర్‌కి ముందే చెప్పండి.