రాగి వాగులో లేదు, జల్లెడలో ఉంది (నా అనుభవం)

మా నెల్లూరు జిల్లాలో గరిమెనపెంట వైపు రాగి ఖనిజం ఎక్కడుందో వెతకడానికి వాగుల్లో మట్టి శాంపిల్స్ తీసేటప్పుడు జరిగింది ఇది. ల్యాబ్ రిజల్ట్స్ వస్తే అన్నిట్లోనూ రాగి, జింకు రెండూ ఎక్కువే, కొండ దగ్గరా అంతే, కింద చెరువు దగ్గరా అంతే. అట్టా ఉండకూడదు కదా, ఖనిజానికి దూరం పోయేకొద్దీ విలువ పడిపోవాల. రెండు రోజులు నిద్ర పట్టలా. చివరికి శుభ్రంగా కడిగిన తెల్ల క్వార్ట్జ్ ఇసకని అదే జల్లెడలో పట్టి పంపించా, దాంట్లోనూ రాగి వచ్చింది! మా 80 మెష్ (అంగుళానికి 80 కన్నాలుండే) జల్లెడ ఇత్తడిది, ఇత్తడి అంటేనే రాగి, జింకు. నైలాన్ జల్లెడ తెచ్చి, చేతి ఉంగరాలు కూడా తీసేసి, మళ్ళీ మొదట్నుంచీ తీశాం. ఈసారి దాదాపు అన్నిచోట్లా తగ్గిపోయింది, ఒక్క పిల్లవాగులో మాత్రం పైకి పోయేకొద్దీ పెరుగుతా పోయింది. ఇప్పుడు బయటి రాగి కలిస్తే తెలిసిపోవాలని ప్రతి 20 శాంపిల్స్‌కీ ఒక ఉత్త క్వార్ట్జ్ ఇసక ప్యాకెట్టు పెడుతున్నా.