లైబ్రరీ అప్‌డేట్ చేశాక టెస్టు ఫెయిలైతే గిట్ బైసెక్ట్ వాడండి

ఓపెన్ సోర్స్ లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చగానే నిన్నటిదాకా నడిచిన టెస్టు ఫెయిలవుతుంది. ఛేంజ్‌లాగ్‌లో దాని ఊసే ఉండదు. మధ్యలో వందల కమిట్లు (కోడ్‌లో సేవ్ చేసిన ఒక్కో మార్పు), ఒక్కోటీ చదువుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

కోడ్ మార్పుల చరిత్రని దాచే గిట్‌లోనే, ఏ కమిట్ దగ్గర తేడా వచ్చిందో వెతికిపెట్టే బైసెక్ట్ కమాండ్ ఉంది, వేరే ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఆ లైబ్రరీ రిపోని (కోడూ దాని కమిట్లూ ఉండే చోటు) పూర్తి హిస్టరీతో క్లోన్ చేసుకోండి (డెప్త్ 1 పెట్టి తెస్తే పాత కమిట్లు రావు). లోపలికెళ్లి 'గిట్ బైసెక్ట్ స్టార్ట్' కొట్టండి. తర్వాత 'గిట్ బైసెక్ట్ బ్యాడ్' పక్కన కొత్త వెర్షన్ ట్యాగు, 'గిట్ బైసెక్ట్ గుడ్' పక్కన పాత ట్యాగు ఇవ్వండి. గిట్ మధ్యలో ఉన్న కమిట్‌ తెచ్చి ముందు పెడుతుంది. టెస్టు నడిపి, పాసైతే గుడ్, లేకపోతే బ్యాడ్ అనడమే మన పని. ప్రతిసారీ సగం తగ్గిపోతాయి కాబట్టి 1000 కమిట్లున్నా సుమారు 10 సార్లలో తేలుతుంది.

ఆ 10 సార్లు కూడా చేత్తో ఎందుకు? టెస్టుని చిన్న స్క్రిప్టులో పెట్టి, రిపో బయట ఉంచి, 'గిట్ బైసెక్ట్ రన్' పక్కన దాని పాత్ ఇవ్వండి. స్క్రిప్టు ముగిసేటప్పుడు ఇచ్చే నంబరు (ఎగ్జిట్ కోడ్) 0 అయితే గుడ్, 1 అయితే బ్యాడ్. బిల్డే కాని కమిట్‌కి 125 ఇస్తే దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది.

ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టుతో మాత్రం దీన్ని నమ్మొద్దు. ఒక్క తప్పు జవాబు పడితే సంబంధం లేని కమిట్‌ని పట్టుకొచ్చి చూపిస్తుంది. అలాంటి టెస్టుని స్క్రిప్టులో ఐదారుసార్లు తిప్పి, ఒక్కసారి ఫెయిలైనా బ్యాడ్ అనిపించండి.

పని అయ్యాక 'గిట్ బైసెక్ట్ రీసెట్' కొడితే మొదట ఉన్న బ్రాంచికి వచ్చేస్తారు. దొరికిన కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు కోడ్) పెట్టి ఇష్యూ రాయండి, మెయింటైనర్లకి వెతుకులాట తప్పుతుంది.